ఆరింటి ట్యాంకరు

పాకల పక్క గది,
చలికాలం మొదలు

అమ్మాయ్,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోన్‌లో అయితే నేను రెండు ముక్కలు అనేలోపే "అది కాదు వదినా" అంటూ అడ్డం పడతావు. కాగితం మీద అయితే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. నువ్వూ ఉత్తరమే రాయి. మీ ఆఫీసు హాల్లో పక్క కుర్చీల వాళ్ళు నీ ఫోన్ మోగితే చాలు, చెవులు రిక్కిస్తారని నువ్వే చెప్పావు కదా.

సంగతేమిటంటే, మీ కంపెనీ నుంచి మాకొక నోటీసు వచ్చింది. మాకే కాదు, మన రోడ్డు మీద పాడి ఉన్న ప్రతి ఇంటికీ వచ్చింది. లీటరు పాలకి మేం కాలుస్తున్న డీజిలు కంపెనీ గీసిన గీత దాటిందట. వేసవి వచ్చేలోగా గీత కిందికి దిగకపోతే మా గేట్ల దగ్గర పాల ట్యాంకరు ఆగదట. గాలిలో కలుస్తున్న కర్బనం గురించి ఒక పేరా, ఆ పొగకి దూడలు దగ్గుతాయని ఒక ముక్క, చివర గుండ్రటి ముద్ర. సంతకం ఉండాల్సిన చోట "ఇంధన పొదుపు విభాగం" అని ఉంది. మనిషి పేరు లేదు. పేరు పెట్టే ధైర్యం కూడా లేదన్నమాట ఆ మహానుభావుడికి.

మన రోడ్డు చివరిదాకా వచ్చే ట్యాంకరు మీ కంపెనీది ఒక్కటే. అది ఆగకపోతే పాలు ఏం చేసుకోవాలి, నెత్తిన పోసుకోవాలా? నెల తిరక్కుండా ఆవుల్ని తోలేసి పాకకి తాళం వేసుకోవాల్సిందే. మీ అన్నయ్య నోటీసు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమంటావయ్యా అంటే "చూద్దాం" అన్నాడు. పెళ్ళికి ముందు నన్ను చూసి వెళ్ళి కూడా ఆ మాటే అన్నాడట, మీ అమ్మ చెప్పేది.

ఇంతకీ నా ఒళ్ళు ఎక్కడ మండిందంటే, పోయినేడు మీ వాళ్ళే వచ్చి మా పాకల కప్పుల మీద సోలార్ పలకలు బిగించారు. చప్పట్లు కొట్టారు, వెళ్ళారు. సరే, బాగుంది. మరి మీ ట్యాంకరు వచ్చేదెప్పుడు? పొద్దున ఆరింటికి. అప్పటికి పాలు పితికి, చల్లబరిచి ఉంచాలి. అంటే నేను చీకట్లో లేచి మిషన్లు పెట్టాలి. ఆ వేళప్పుడు లైన్లో కరెంటు మా రోడ్డు చివరికి వచ్చేసరికి నీరసపడిపోతుంది, బల్బు వెలుగుతుంది కానీ మోటారు తిరగదు. పలకల్ని నమ్ముకుందామా అంటే సూర్యుడింకా లేవలేదు. మీ ట్యాంకరు టైము ఆయనకి ఎవరూ చెప్పలేదేమో! బ్యాటరీలు తర్వాత పంపిస్తామన్నారు, ఆ తర్వాత ఇంకా రాలేదు. ఇక మిగిలింది జనరేటరే కదా. పితికే మిషనుకి అదే, పాలు చల్లబరిచే తొట్టికి అదే. పనంతా అయిపోయాక ఎండ తాపీగా పలకల మీదికి వస్తుంది. ఆ కరెంటుతో నేను ఫ్యాను వేసుకుని కూర్చోవాలి కాబోలు, ఈ చలిలో.

నువ్వు ఆ ఆఫీసులోనే పనిచేస్తున్నావు. ఈ నోటీసు రాసిందెవరో కనుక్కుని, నా పేరు చెప్పి గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టు. తిన్నారో లేదో రాయి.

మీ వదిన

~

ప్రధాన కార్యాలయం, మూడో అంతస్తు

వదినా,

ఉత్తరం అందింది. చివరిదాకా చదివాను, అడ్డం పడకుండానే.

నోటీసు గురించి విన్నాను. అలాంటివి ఒక మనిషి కూర్చుని సొంతంగా రాసేవి కావు. పైనుంచి లెక్కలు వస్తాయి, వాటి ప్రకారం వెళ్తుంది. రాసేవాళ్ళకీ ఒత్తిళ్ళు ఉంటాయి కదా. నువ్వు ఎవరి మీదో కోపం పెట్టుకోవడం కంటే డీజిలు ఎలా తగ్గించాలో చూడడం మంచిది.

నాకు తోచినవి రాస్తున్నాను. ఒకటి, పాలు పితికిన వేడితోనే చల్లబరిచే తొట్టిలోకి పోతున్నాయి. అందుకే అది అంతసేపు నడవాల్సి వస్తోంది. పాల గొట్టం చుట్టూ ఇంకో గొట్టం వేసి బావి నీళ్ళు పారిస్తే పాలు సగం చల్లబడే తొట్టికి చేరతాయి. ఆ నీళ్ళు గోరువెచ్చగా బయటికొస్తాయి, ఆవులకి తాగడానికి పెట్టొచ్చు. చలికాలంలో చల్లటి నీళ్ళకి మూతి ముడుచుకునేవి కూడా బాగా తాగుతాయి. ఇంకొకటి, జనరేటరుకి గాలి వడగట్టే జల్లెడ మార్పించు. అది మార్చి ఎన్నాళ్ళయిందో అన్నయ్యని అడుగు, "చూద్దాం" అంటే ఊరుకోకు.

మూడోది రాయడం నాకు కష్టంగానే ఉంది. పాకలో ముసలి ఆవులు ఉన్నాయి కదా. అవి కుర్ర ఆవులంతే తింటాయి, అంతే తేనుస్తాయి. ఆవు తేన్పులో వచ్చే వాయువు కూడా వాతావరణాన్ని వేడెక్కించేదే, నవ్వకు. వాటికీ మిషను అంతసేపే నడుస్తుంది, పాలు మాత్రం తక్కువ ఇస్తాయి. వాటిని పంపించేస్తే లీటరు లెక్క దానంతటదే దిగుతుంది. చాలామంది అదే చేస్తున్నారు.

ఆలోచించు. ఆరోగ్యం జాగ్రత్త. అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు

~

పాకల పక్క గది

ఆఫీసరు గారికి,

ముందు మంచి మాట చెప్తాను, తర్వాత నీ సంగతి చూస్తాను.

గొట్టంలో గొట్టం వేయించాను. మీ అన్నయ్యే కూర్చుని బిగించాడు, రెండుసార్లు కారింది, మూడోసారి నిలబడింది. పాలు నిజంగానే సగం చల్లబడి వస్తున్నాయి. గోరువెచ్చటి నీళ్ళ తొట్టి దగ్గర ఆవులు తోసుకుంటున్నాయి. గాలి జల్లెడ ఊడదీస్తే దాన్లో పక్షి గూడుకి సరిపడా చెత్త ఉంది. డీజిలు బాగానే తగ్గింది. చూసి ఎదురింటి మీసాలాయన కూడా వేయించుకున్నాడు, ఆయన మనకంటే రెట్టింపు ఆవుల్ని సాకుతాడు కదా. ఇద్దరం లెక్క వేసుకున్నాం. గీతకి దగ్గరికి వచ్చాం, కిందికి మాత్రం దిగలేదు. చీకట్లో పితికినంత కాలం దిగం కూడా.

ఇక ముసలి ఆవుల విషయం. పితికే పాకలో ఎవరెంత తేనుస్తున్నారో లెక్క పెట్టి అమ్మేయడం మొదలెడితే, మీ అన్నయ్యని ఎప్పుడో అమ్మేయాల్సింది. ఆ మాట మళ్ళీ నా దగ్గర ఎత్తకు. పదిసార్లు ఈని, పదిసార్లు పాలిచ్చిన ఆవుని ఒక గీత కోసం లారీ ఎక్కించను. కావాలంటే ఆ గీతని మీరే చెరుపుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. నోటీసులో దూడలు దగ్గుతాయని ఉంది. ఏ పాకలో అయినా జనరేటరు పొగగొట్టం బయటికి చూస్తుంది. దూడల కొట్టం వైపు తిరిగి ఉండేది ఈ లోకంలో మన ఇంట్లో ఒక్కటే, ఎందుకంటే దాన్ని బిగించింది మీ అన్నయ్య. ఆ సంగతి మీ మూడో అంతస్తులో ఎవరికి తెలుసమ్మా, నీకు తప్ప? కవరు చింపిన రోజునే నాకు అర్థమైపోయింది. నువ్వే చెప్తావేమో అని ఆ మహానుభావుడెవరో కనుక్కోమని రాశాను. నువ్వేమో "రాసేవాళ్ళకీ ఒత్తిళ్ళు ఉంటాయి" అంటావా! వదిననే బోల్తా కొట్టిద్దామనుకున్నావు.

రాసినందుకు కాదు నా కోపం. నా ఇంటికే నోటీసు పంపి, నాకే ఊరడింపు ఉత్తరం రాశావు చూడు, అందుకు. పైగా నోటీసు నిండా "మీరు, మీరు" అని. నీకు జడలు వేసిన చేతులమ్మా ఇవి.

సరే, అయిందేదో అయింది. ఇప్పుడు నాకొక పని చేసి పెట్టు. ట్యాంకరు ఆరింటికే ఎందుకు రావాలి? ఆ టైము పెట్టిందెవరు? పదింటికి వస్తే మీ సొమ్మేం పోతుంది? అడిగి రాయి.

వదిన

~

ప్రధాన కార్యాలయం, మూడో అంతస్తు

వదినా,

అవును, నేనే రాశాను. మళ్ళీ రాయమన్నా రాస్తాను.

నీకు కోపం వస్తే రానీ. ఆ పాకల పక్క గదిలో పెరిగింది నేను, నువ్వు ఆ ఇంటికి వచ్చింది తర్వాత. నా పుస్తకాల మీద మసి ఉండేది. దూడలు అటు దగ్గేవి, నేను ఇటు దగ్గేదాన్ని, మా నాన్న "చలిగాలి" అనేవాడు. చలిగాలి కాదు వదినా, డీజిలు పొగ. ఈ ఉద్యోగం నేను అందుకే అడిగి తీసుకున్నాను. మనవాళ్ళు కదా అని మన రోడ్డుని వదిలేసి మిగతా అందరికీ పంపితే నేను అసలు మనిషినేనా? మొదటి కవరు మన గేటుకే పంపాను, కావాలనే. చెప్పకుండా దాచడం మాత్రం తప్పే. నువ్వు తిడతావని భయపడ్డాను, అంతే. తిట్టేశావు కదా, ఇప్పుడు హాయిగా ఉంది.

"మీరు" అన్నందుకు మాత్రం క్షమాపణ చెప్పను. నోటీసులో "ఏమే వదినా" అని రాస్తే మా సారు గుండె ఆగిపోతుంది.

ఇక నువ్వడిగిన ప్రశ్న. ముందు మా కళ్ళజోడు సారుని అడిగాను. నా పైన ఉండేది ఆయనే. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "పాల టైము పాల టైమేనమ్మా" అన్నారు. దానికి అర్థమేమిటో మరి. ఆయన్ని వదిలేసి రవాణా వాళ్ళ దగ్గరికి వెళ్ళాను, ఫ్యాక్టరీకి వెళ్ళాను, చివరికి ట్యాంకరు నడిపే పెద్దాయన పక్కన కూర్చుని అడిగాను. ఆయన నవ్వి చెప్పాడు. ఒకప్పుడు కంపెనీకి ఉన్నది ఒక్క ట్యాంకరట. ముందు మన రోడ్డు తిరిగి, తర్వాత అవతలి రోడ్డు తిరగాలి కాబట్టి మనకి ఆరు, వాళ్ళకి పది అని పెట్టారట. తర్వాత అవతలి రోడ్డుకని రెండో ట్యాంకరు కొన్నారు. టైము మార్చాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. రెండో ట్యాంకరు ఇప్పటికీ పొద్దున ఆవరణలో ఊరికే నిలబడి ఉంటుంది, పదింటి దాకా.

ఇంకా ఉంది విను. ఆరింటికి మీ దగ్గర తెచ్చిన పాలు ఫ్యాక్టరీ పెద్ద తొట్టిలో సాయంత్రం దాకా కూర్చుంటాయి. ప్యాకెట్లు కట్టే పని మొదలయ్యేదే సాయంత్రం. అంటే మీరు చీకట్లో డీజిలు కాల్చి ఉరుకులు పరుగులు పెట్టి ఇచ్చిన పాలు, ఇక్కడ పగలంతా నిద్రపోతున్నాయన్నమాట. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మన రోడ్డు టైము పదింటికి మార్చమని కాగితం పెట్టాను. సారు తీసుకున్నారు, సొరుగులో పెట్టారు. వేసవి తర్వాత సమావేశంలో చూస్తారట. వేసవికల్లా మీ గేటు దగ్గర ట్యాంకరు ఆగదు కదండీ అంటే, "నిబంధన నిబంధనే" అన్నారు. నేను వెంటపడుతూనే ఉంటాను. నువ్వు మాత్రం దుడుకు పనులేవీ చెయ్యకు, నీ సంగతి నాకు తెలుసు.

నీ ఆడపడుచు

~

పాకల పక్క గది,
చలి తగ్గుతోంది

అమ్మాయ్,

చాలా రోజులు రాయలేదు. రాస్తే వద్దంటావని రాయలేదు. ఇప్పుడు వద్దన్నా ఆగే దశ దాటిపోయింది కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రోజున మీసాలాయన్ని, మూల ఇంటి టీచరమ్మని, మిగతా ఇళ్ళ వాళ్ళని పిలిచి మన పాకలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. రెండో ట్యాంకరు ఊరికే నిలబడి ఉంటుందన్న ముక్క దగ్గర మీసాలాయన లేచి నిలబడ్డాడు. "ఇన్నేళ్ళ నుంచి నా నిద్ర వీళ్ళ ఆవరణలో పార్కింగ్ చేసి ఉందన్నమాట!" అన్నాడు. టీచరమ్మ బడి మానేసి పాడి పెట్టాక కూడా బడి గొంతు పోగొట్టుకోలేదు. "వాళ్ళు మార్చకపోతే మనం మారుద్దాం. ఆవులు మనవి, పొదుగులు మనవి, పితికే చేతులు మనవి. మనం ఎప్పుడు పితికితే అప్పుడే పాలు," అంది. ఒక్కరు కూడా అడ్డం మాట్లాడలేదు. మీ అన్నయ్య కూడా "చూద్దాం" అనలేదు, గడ్డి కోస్తున్నానని బయటికి పోయాడు.

అక్కడే నా తెలివితక్కువతనం బయటపడింది. మిగతావాళ్ళు మెల్లగా మారుద్దామంటుంటే నేను ఆగలేదు. మర్నాడే, ఎండ వచ్చేదాకా ఒక్క మిషను కూడా పెట్టకుండా భీష్మించుకు కూర్చున్నాను. ఆవులకి అలవాటైన వేళ దాటింది. పొదుగులు బిగుసుకుపోయాయి. పాక అంతా ఒకటే అరుపు. కొన్నింటికి పాలు వాటంతటవే కారిపోయాయి. మన చుక్కావు లేదూ, నుదుటి మీద చుక్కున్నది, మొదటి ఈత, దానికి పొదుగు వాచి రాయిలా అయిపోయింది. ముట్టుకుంటే తన్నింది. పశువుల డాక్టరమ్మ వచ్చి నన్ను తిట్టిన తిట్లు ఈ ఉత్తరంలో పట్టవు. ఆవు బతికింది. ఒక చన్ను మాత్రం పోయింది, ఇక దాన్లోంచి పాలు రావు. నేను దాని పక్కన కూర్చుని ఏడ్చానమ్మా. నా కోపం మీ కంపెనీ మీద, దెబ్బ తగిలింది దానికి.

ఆ తర్వాత బుద్ధొచ్చి అందరిలాగే మెల్లగా జరుపుకుంటూ వచ్చాను. ఇవాళ కాస్త, అది అలవాటయ్యాక ఇంకాస్త. సాయంత్రం పితకడం కూడా అలాగే, పొద్దు ఉండగానే అయ్యేటట్టు జరిపాం. ఆవు చేపి పాలు వదలాలంటే దానికి కంగారు ఉండకూడదు, అది మీ గీతల్లో ఎక్కడా లేదు. పాలు మొత్తానికి కొంచెం తగ్గాయి, అబద్ధం చెప్పను. తగ్గితే తగ్గాయి. ఈ మధ్యలో ట్యాంకరు వచ్చేవేళకి సగం పాలే సిద్ధంగా ఉండేవి. మిగతా సగం మీగడ తీసి వెన్న చేసుకున్నాం, దూడలకి పోశాం. దూడలు బొద్దుగా తయారయ్యాయి.

ఇప్పుడు రోడ్డు మీద ప్రతి పాకలోనూ ఎండ వచ్చాకే పితుకుతున్నాం. పలకలూ లైనూ కలిస్తే మోటార్లన్నీ ఝామ్మని తిరుగుతున్నాయి. జనరేటరు మీద కోడి గుడ్లు పెడుతోంది.

ఇక వినాల్సిన ముక్క. వచ్చే సోమవారం నుంచి మేమెవ్వరం ఆరింటి ట్యాంకరుకి ఒక్క చుక్క కూడా పొయ్యం. సగం పాలు కూడా ఇవ్వం. గేట్లు వేసి ఉంటాయి. "పాలు పదింటికి సిద్ధం" అని అట్ట ముక్క మీద రాసి కట్టేస్తాం, రాసేది టీచరమ్మ, అచ్చుతప్పులు ఉండవు. కొనకపోతే పోనీ. వెన్న తీసి సంచీల్లో పెట్టుకుని మీ పట్నం వచ్చి మీ ఆఫీసు మెట్ల మీద కూర్చుని అమ్ముతాను. నన్ను ఎవడు లేపుతాడో చూస్తాను.

నీ ఉద్యోగానికి దెబ్బ తగలొచ్చని తెలుసు. అందుకే ముందుగా చెప్తున్నాను, నువ్వు నాకు చెప్పకుండా చేసినట్టు కాకుండా. నువ్వు మాకేం కావని అవసరమైతే చెప్పెయ్యి, నేనేమీ అనుకోను. వద్దని మాత్రం రాయకు.

వదిన

~

తూకాల ఆవరణ, ఫ్యాక్టరీ వెనక

వదినా,

పైన రాసిన చోటు చూసి కంగారుపడకు, కింద చెప్తాను.

వద్దని రాయలేదు చూశావా? రాయబుద్ధి కాలేదు. చుక్కావు గురించి చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని నేనూ ఏడ్చాను, నీమీద కోపం కూడా వచ్చింది. నువ్వు ఆవుకి చెప్పుకో క్షమాపణ, నాకెందుకు.

సోమవారం ట్యాంకరు ఖాళీగా తిరిగొచ్చింది. పెద్దాయన దిగి, "గేట్లన్నీ మూసేశారండి, అట్టలు కట్టారండి, అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయండి" అని చెప్పాడు. మంగళవారం ఖాళీ. బుధవారం కూడా ఖాళీ. కళ్ళజోడు సారు నన్ను పిలిచి, మన రోడ్డు మొత్తాన్ని జాబితాలోంచి కొట్టేస్తూ కాగితం రాయమన్నారు. గీత కింద ఉన్నారా పైన ఉన్నారా అన్నది అనవసరమట, పాలు ఆపినవాళ్ళు పాడి వాళ్ళే కారట. నేను సరేనన్నాను. నా కుర్చీకి వచ్చి కూర్చున్నాను. రాశాను కూడా. మన రోడ్డుకి కాదు. నకలు దాచుకున్నాను, నువ్వూ చదువు.

"కంపెనీ రవాణా విభాగాధిపతి గారికి,

మీ ట్యాంకరు ఈ వారం సోమ, మంగళ, బుధ వారాల్లో ఒక రోడ్డు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చింది. సేకరించిన పాలు సున్నా. కాల్చిన డీజిలు పోనూ రానూ మొత్తం. లీటరు పాలకు ఎంత డీజిలు ఖర్చయిందో లెక్క కట్టడానికి ఈ విభాగం ప్రయత్నించింది, కానీ సున్నాతో భాగించడం మాకు చేతకాలేదు. ఎలా చూసినా మీరు గీత దాటారు. కంపెనీ ఇంతవరకూ చూసిన పాడి పాకల్లో ఒక్కటి కూడా ఇంత దారుణంగా దాటలేదు. అదే రోడ్డులో పాడి వారు మాత్రం జనరేటర్లు ఆపి గీత కిందికి దిగారు. మీరు కూడా బయల్దేరే వేళ మార్చుకుని దిగవలసిందిగా కోరుతున్నాము. లేని పక్షంలో నిబంధన ప్రకారం మీ ట్యాంకరు పేరు జాబితా నుంచి తొలగించబడుతుంది. మీ పొగకు దూడలు దగ్గుతాయని కూడా గమనించగలరు."

ఈసారి కింద విభాగం పేరు రాయలేదు, నా పేరు రాసి సంతకం పెట్టాను. ఒక నకలు పై అంతస్తులో పెద్ద మేనేజరమ్మకి పంపాను.

మధ్యాహ్నానికి హాలంతా తెలిసిపోయింది. కొందరు కాగితం అడ్డం పెట్టుకుని నవ్వారు. కళ్ళజోడు సారు మాత్రం నవ్వలేదు. "నువ్వు ఎవరి ఉప్పు తింటున్నావు?" అన్నారు. "గీత మీరే గీశారు సార్, నేను అందరికీ ఒకేలా పట్టుకున్నాను," అన్నాను. సాయంత్రం కల్లా నన్ను మూడో అంతస్తు నుంచి దించి, ఈ తూకాల ఆవరణలో వేశారు. ట్యాంకర్లు లోపలికొస్తుంటే బరువు రాసే పని. ఇంధన పొదుపుతో నాకిక సంబంధం లేదట.

మీ రోడ్డు సంగతి పెద్ద మేనేజరమ్మ తేలుస్తుందంటున్నారు. ఎటు తేలుస్తుందో నాకు తెలియదు. నేను చెయ్యగలిగింది చేశాను, ఇక నా చేతుల్లో ఏమీ లేదు. నువ్వు గేటు తియ్యకు. నన్ను ఇక్కడ వేశారని జాలిపడి తీశావంటే జన్మలో నీతో మాట్లాడను.

నీ ఆడపడుచు

~

పాకల పక్క గది,
ఎండలు మొదలయ్యాయి

అమ్మాయ్,

గేటు తియ్యలేదు. నీ ఉత్తరం చదివాక మీసాలాయన రెండో తాళం కూడా వేశాడు.

నువ్వు రాసిన నోటీసుని టీచరమ్మ అందరికీ చదివి వినిపించింది. "సున్నాతో భాగించడం మాకు చేతకాలేదు" దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. మీ అన్నయ్య ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, పొగగొట్టం దగ్గరికి వెళ్ళి, దాన్ని ఊడదీసి బయటి వైపుకి తిప్పి బిగించాడు. ఇక ఆ జనరేటరుతో పనే లేదయ్యా అంటే వినలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆయన నీకు చెప్పుకున్న జవాబు అదేననుకుంటాను.

వారం మొత్తం గడిచింది, ట్యాంకరు లేదు, కబురు లేదు. నిజం చెప్పనా, భయపడ్డాను. వెన్న ఎవరింట్లో పెట్టాలో తెలియక గిన్నెలు అరువు తెచ్చుకున్నాం. చివరి ఇంటాయన, పిల్లల ఫీజులు కట్టాలి, నేనిక ఆగలేనన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేదు. ఇంకొక్క రోజు ఆగమన్నాను, ఆగాడు.

ఆ మర్నాడు పదింటికి హారన్ వినిపించింది. పాకలోంచి బయటికొస్తే గేటు ముందు పెద్దాయన ట్యాంకరు, దాని వెనక కారు. కార్లోంచి కళ్ళజోడు సారు దిగారు, వెంట కెమెరా పట్టుకుని ఒకతను. పెద్ద మేనేజరమ్మ టైము మార్చమందట. మన రోడ్డుకి పది, ఇక ఎప్పటికీ పదే. జాబితాలోంచి ఒక్క పేరు కూడా పోలేదు. పాలు పోశామమ్మా, అందరం పోశాం. చివరి ఇంటాయన ముందు పోశాడు, మేమే పొమ్మన్నాం.

పోశాక ఆ సారు నవ్వుతూ దగ్గరికొచ్చారు. "డీజిలు లేని మొదటి రోడ్డు, కంపెనీకి గర్వకారణం," అంటూ కెమెరా అతన్ని ముందుకి తోశారు. అందరం పలకల కింద నిలబడాలట, ఆయన మధ్యలో ఉంటారట, పేపరుకి ఇస్తారట. నాకు ఎక్కడ కాలిందో నీకు చెప్పక్కర్లేదు.

"ఇంకొక మనిషి తక్కువుంది," అన్నాను.

"ఎవరండీ?" అన్నారు.

"సున్నాతో భాగించలేకపోయిన అమ్మాయి."

ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు. అది ఆఫీసు లోపలి వ్యవహారమన్నారు. నేను వెనక్కి తిరిగి పాకలోకి వచ్చేశాను. మీసాలాయన వచ్చేశాడు, టీచరమ్మ వచ్చేసింది, ఒక్కొక్కరే అందరూ వచ్చేశారు. పలకల కింద ఆయనా, కెమెరా అతనూ ఇద్దరే మిగిలారు. మరి ఫొటో ఎప్పుడండీ అని మీ అన్నయ్యని అడిగారట. "చూద్దాం" అన్నాడట.

చివరికి ఎవరికో ఫోన్ చేశారు. ఎండలో చాలాసేపు మాట్లాడారు, ఎక్కువగా వింటూనే ఉన్నారు. తర్వాత పాక గుమ్మం దగ్గరికొచ్చి, సోమవారం నుంచి నువ్వు మళ్ళీ మూడో అంతస్తులో నీ కుర్చీలోనే ఉంటావని చెప్పారు. కాగితం చూపించమన్నాను. పెద్ద మేనేజరమ్మ పంపిందని తన ఫోన్‌లో చూపించారు. టీచరమ్మ రెండుసార్లు చదివి సరేనంది.

ఫొటో రేపటికి పెట్టుకున్నాం. ఈ ఉత్తరం పెద్దాయన చేతికే ఇస్తున్నాను, రేపు నిన్ను ట్యాంకరులో ఎక్కించుకుని తీసుకొస్తానన్నాడు. చుక్కావు దగ్గరికి ముందు నిన్నే తీసుకెళ్తాను, అది ఇప్పుడు నన్ను కూడా తన్నడం లేదు.

చీకట్లో లేచి పరుగెత్తుకు రాకు, ఇక్కడ ఎవరూ లేచి ఉండరు. ఎండ వచ్చాక రా.

నీ వదిన